మట్టికి రేటు లేదు

2016 జూన్‌లో నన్ను సహాయ సంచాలకుడి హోదాలో కరీంనగర్‌కు బదిలీ చేశారు. పాత కట్టడాల బాగోగులు చూసే శాఖ మాది. అప్పటి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండూ నా పరిధిలోకి వచ్చేవి. ఇటు హుజూరాబాద్ నుంచి అటు బాసర దాకా ఉన్న కోటలకు, గుళ్లకు, మెట్లబావులకు నేనే దిక్కు. నాకు దిక్కు ఒక పాత జీపు, దాని డ్రైవరు. పదవీ విరమణకు ఇంకా కొన్నేళ్లున్నాయి. ఈలోపు ఒక్క పనైనా మనసుకు నచ్చినట్టు చేసి పోవాలనే కోరిక ఉండేది. అలాంటి కోరికలు గుమాస్తాలకు ఉండవు, అందుకే వాళ్లు సుఖంగా రిటైరవుతారు.

మా శాఖ పని గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. 'రక్షిత కట్టడం' అంటే ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించి తన అధీనంలోకి తీసుకున్నది. ఒక బోర్డు పాతుతాం, కంచె వేస్తాం, వీలుంటే కాపలాదారును పెడతాం. రాజులు కట్టించినదో, దేవుడు కొలువున్నదో అయితే మాకు పడుతుంది. మామూలు జనం కట్టుకుని కాపురముండే ఇల్లు ఎంత పాతదైనా, ఎంత చక్కనిదైనా మాకు పట్టదు. అందుకే మన దగ్గర ఎవరూ ఉండని గోడలు మిగిలాయి, మనుషులున్న ఇళ్లు పోయాయి.

ఇళ్లను కూడా కాపాడవచ్చని నేను కళ్లారా చూసింది జర్మనీలో. కరీంనగర్ రావడానికి చాలా ఏళ్ల ముందు శాఖ నన్ను అక్కడి ఒక చిన్న పట్నానికి శిక్షణ కోసం పంపింది. ఊరు మన మండల కేంద్రమంత ఉంటుంది. చుట్టూ రాతి గోడ, గోడ పొడుగునా బురుజులు, బండ్లు వచ్చిపోయేందుకు ఎత్తయిన దర్వాజాలు. మధ్యలో అంగడి జరిగే చౌకు, దానికి ఒక పక్క ఊరిపెద్దలు కూర్చునే మందిరం, ఇంకో పక్క చర్చి. ఇవన్నీ రాతివి. ఇళ్లు మాత్రం కర్రా, మట్టీ. ఓక్ కర్రతో చట్రం నిలబెట్టి, సందుల్లో పుల్లల తడిక అల్లి, దాని మీద గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన సున్నం పూస్తారు. కింది అంతస్తు మీద పై అంతస్తు ముందుకు తోసుకొచ్చి ఉంటుంది, దాని పైది ఇంకాస్త ముందుకు. సందు ఇరుకైన చోట ఎదురింటివాళ్లు కిటికీలోంచి చేయి చాచి ఉప్పు పుచ్చుకోవచ్చు. దూలాల మీద ఇల్లు కట్టించినవాడి పేరు, ఒక ప్రార్థన చెక్కి ఉంటాయి. కర్రల అతుకుల దగ్గర వడ్రంగులు ఉలితో కొట్టిన గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. చట్రాన్ని ముందు నేల మీద పరిచి, కోసి, ఏ కర్ర ఎక్కడిదో గుర్తు పెట్టుకుని, విప్పి, ఆ తరువాత నిలబెట్టేవారట. మన దగ్గర దర్వాజ చేసే వడ్రంగి చేసేదీ అదేనని నాకు ముచ్చటేసింది.

ఆ ఊరి కట్టడాల అధికారిణి పేరు ఇంగ్రిడ్. యాభై దాటిన మనిషి, సైకిల్ మీద తిరిగేది, నవ్వడం తక్కువ. ఆమె సంతకం లేనిదే ఆ ఊళ్లో ఎవరూ తమ ఇంటి కిటికీ రంగు కూడా మార్చడానికి వీల్లేదు. దుకాణానికి పెద్ద అద్దం పెట్టుకుంటానని ఒక రొట్టెల వ్యాపారి అడిగితే నా ముందే కాదంది. అతను ఆమె మొహం మీదే ఏదో తిట్టి పోయాడు. ఆమె తరువాతి ఇంటికి సైకిల్ తిప్పింది. మరమ్మతు ఖర్చులో కొంత ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి తిట్టినా ఊరు ఆమె మాట వినేది.

ఇన్ని వందల ఏళ్ల ఊరు ఇలా నిలవడం వెనక గొప్ప సంస్కారమేదో ఉంటుందని నేను అడిగాను. ఆమె అదేం లేదంది. ఒకప్పుడు వ్యాపారం వేరే దారి పట్టి ఊరు చితికిపోయిందట. కూల్చి కొత్తవి కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోయింది. మళ్లీ డబ్బు వచ్చేసరికి చట్టం కూడా వచ్చింది. తమ తాతలు కలిగినవాళ్లయి ఉంటే తనకు ఈ ఉద్యోగమే ఉండేది కాదని చెప్పింది.

ఇంకోటి కూడా చూపించింది. వెనకటి తరంలో కొందరు ఇల్లు పటిష్ఠంగా ఉంటుందని మట్టిగోడల మీద సిమెంటు పూయించారు. మట్టిగోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. అలాంటి ఒక ఇంట్లో సిమెంటు ఊడగొట్టి, దూలాన్ని తాకి చూడమంది. ఓక్ కర్ర నా వేళ్ల కింద తవుడులా రాలింది.

కరీంనగర్‌లో చేరిన నెలకే కమలాపేట చూశాను. ధర్మపురికి ఎగువన గోదావరి ఒడ్డున ఉన్న పాత వ్యాపారుల ఊరు. దాని పెద్దబజారులోకి జీపు తిరగ్గానే నేను డ్రైవరును ఆపమన్నాను. వీధికి రెండు పక్కలా ఆదిలాబాద్ అడవి టేకుతో కట్టిన ఇళ్లు. టేకు స్తంభాలు, చెక్కిన దూలాలు, వాటి మధ్య గడ్డి కలిపి తొక్కిన మట్టిగోడలు, పైన గూనపెంకులు, ముందు అరుగులు. గోడకు కింద ఎర్రటి జాజు పూత, పైన సున్నం. కర్ర వేరు, దేవుళ్లు వేరు, కానీ కట్టిన తెలివి అదే. ఇన్నేళ్లుగా ఈ వీధి మిగిలిందంటే ఇక్కడివాళ్లకూ డబ్బు ఆలస్యంగా వచ్చిందన్నమాట. అది దుబాయ్ నుంచి రావడం అప్పటికే మొదలైంది. సగం ఇళ్లు కూలి, వాటి చోట స్లాబులు, గులాబీ రంగు గోడలు, స్టీలు రెయిలింగులు లేచాయి.

వీధి మధ్యలో అన్నిటికన్నా పెద్ద ఇల్లు మల్లేశానిది. ముందు గదిలో కిరాణా దుకాణం నడిపేవాడు. నలభై అయిదేళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. ఇంట్లో భార్య లచ్చవ్వ, ఇద్దరు ఆడపిల్లలు. తమ్ముడు శంకర్ దుబాయ్‌లో క్రేన్ నడుపుతాడు. ఇంట్లో అతనికి సగం పాలు. వంటింటి పైకప్పు కురుస్తోంది, పెంకులు, వాసాలు మార్చాలి. తమ్ముడు మాత్రం మొత్తం కూలగొట్టి, నడిమిట్ల గోడ పెట్టి, చెరొక స్లాబు వేసుకుందామంటున్నాడు.

“తాత కట్టిచ్చిన ఇల్లు సార్. గడ్డపార పెడుతుంటె సూసుకుంట నిలవడనీకె నాకు పాణం ఒప్పదు. తమ్ముడు గూడ చెడ్డోడు గాదు. కురిసే ఇల్లు పట్టుకొని ఎన్నొద్దులు ఏలాడుతవే అంటుండు. గా మాట గూడ నిజమే గదా” అన్నాడు మల్లేశం.

నాకు ఇంగ్రిడ్ గుర్తొచ్చింది. అప్పటికి ఆమె ఉద్యోగం మాని, పాత ఇళ్లకు సాయం చేసే ఒక ధర్మసంస్థలో పనిచేస్తోంది. ఉత్తరం రాశాను, ఫోటోలు పంపాను. నెల తిరగకుండా జవాబు వచ్చింది. తాను స్వయంగా వచ్చి చూస్తుంది. ఇళ్లు అసలు మట్టి, అసలు కర్రతో ఉంటే, జనం వాటిలోనే కాపురముంటే పైకప్పుల మరమ్మతుకు సంస్థ డబ్బిస్తుంది. కానీ తాను చూసేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. మల్లేశం తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడి ఏడాది గడువు అడిగాడు. శంకర్ ఒప్పుకున్నాడు. ఏడాదిలోపు కప్పు బాగుపడితే ఇల్లు ఉంటుంది, లేకపోతే పాలు పంచుకుని కూల్చేస్తారు.

ఆ దసరాకు జిల్లాలు విడిపోయాయి. కమలాపేట ఒక కొత్త జిల్లాలోకి వెళ్లింది. కొత్త జిల్లాకు కొత్త అధికారులు, కొత్త ఉత్సాహం. విదేశీ సాయం ఏదైనా జిల్లా యంత్రాంగం గుండా రావాల్సిందే కనుక ఫైలు అక్కడికి పంపాను. పట్టణాల అభివృద్ధి చూసే ప్రత్యేకాధికారి దాన్ని చదివి ఎంతో సంతోషించి సమావేశం పెట్టాడు. జర్మనీ నుంచి అతిథి వస్తుంటే వీధి ఇలాగా ఉండేది అన్నాడు. అతిథి వస్తే ఇల్లు అలుక్కోమా, సున్నం వేసుకోమా అని నన్నే అడిగాడు.

ఆ మాట తప్పు కాదు. పండుగకు, పెండ్లికి, చుట్టం వస్తున్నాడంటే ఇల్లు అలకడం మన ఆచారం. అదే మట్టిగోడకు అసలైన మందు కూడా. ఏటేటా మెత్తే ఎర్రమట్టి, జాజు, సున్నం వల్లే పెద్దబజారు అన్నేళ్లు నిలిచింది. కాబట్టి చెయ్యకతప్పదంటే ఆ ఇంటి ఆడవాళ్లనే ఎప్పటిలా అలకనివ్వండి, ఇంకేదీ ముట్టుకోవద్దు అన్నాను. ఇంగ్రిడ్ పెట్టిన షరతు చదివి వినిపించాను. అధికారి తన పక్కనున్న అసిస్టెంట్ ఇంజినీరు వైపు చూశాడు.

“మట్టికి రేటు లేదు సార్” అన్నాడు ఇంజినీరు.

ప్రభుత్వ పనిలో ప్రతి పనికీ ముందే నిర్ణయించిన ధర ఉంటుంది, షెడ్యూల్ రేటు అంటారు. తాపీ పనికి ఇంత, సిమెంటు పూతకు ఇంత, ఎనామిల్ రంగుకు ఇంత. అంచనా వేయాలన్నా, చేసిన పనిని కొలతల పుస్తకంలో ఎక్కించాలన్నా, బిల్లు చెల్లించాలన్నా ఆ రేటే ఆధారం. తొక్కిన మట్టి ఆ పట్టికలో లేదు.

“పేడకు అసలే లేదు. ఏ ఐటం కింద రాయాలె? రేపు ఆడిట్ల నా జీతంల కోస్తరు. సిమెంటైతె అన్నిటికి లెక్కుంటది, పరేషాన్ ఉండది” అన్నాడు. అతను దుర్మార్గుడు కాదు. ఇంట్లో ముసలి తల్లి ఉన్న ఇంజినీరు, మట్టిగోడల ఇంట్లోనే పెరిగి ఉంటాడు. కానీ పట్టికలో లేని పని అతనికి లోకంలోనే లేదు.

నేను గట్టిగా వాదించాను, ఆ ఓక్ దూలం సంగతి చెప్పాను. అధికారి మర్యాదగా విని, మీ అభిప్రాయం నోట్ రూపంలో పెట్టండి అన్నాడు. ప్రభుత్వంలో ఆ మాటకు అర్థం నోరు మూసుకోమని. నోట్ పెట్టాను. మరుసటి వారమే నన్ను వసంత పంచమి ఏర్పాట్ల కింద బాసరలో ప్రదర్శన చూసుకోమని వేశారు. అక్షరాభ్యాసాలకు వచ్చిన పసిపిల్లల ఏడుపుల మధ్య, వాళ్ల తల్లిదండ్రులకు పాత శాసనాల ఫోటోలు చూపిస్తూ గడిపాను. తిరిగొచ్చి పెద్దబజారుకు పోయేసరికి పని అయిపోయింది.

వీధిలో మిగిలిన పాత ఇళ్లన్నిటికీ ముందుగోడల మీద సిమెంటు పూసి, మీగడ రంగు వేశారు. టేకు స్తంభాలకు, దూలాలకు, చెక్కిన దర్వాజాలకు చాక్లెట్ రంగు ఎనామిల్ పట్టించారు. దర్వాజ మీది చిలకల ముక్కులు రంగులో పూడిపోయాయి. పైకప్పు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. కింద నిలబడ్డ అతిథికి పైకప్పు కనిపించదు గదా.

లచ్చవ్వ అరుగు మీద నిలబడి ఉంది. “చుట్టం వస్తుందంటె నేనే అలుకుత అన్న సార్. మన్ను గూడ నానబెట్టుకున్న. పేడ వాసనొస్తది, ఫారినోల్లు ముక్కు మూసుకుంటరని గా మన్నంత మోర్ల పారబోసిండ్రు” అంది.

వాళ్లను ఎందుకు ఆపలేదని మల్లేశాన్ని గద్దించాను. కోపం ఎవరి మీదో, గద్దించింది ఎవరినో.

“ఎట్ల ఆపుత సార్? కరీంనగర్ సార్ పెట్టిచ్చిన పనే అన్నరు. మీ పేరు జెప్పినంక నేనెట్ల వద్దంట?”

నా పేరు తాళంచెవిలా వాడుకున్నారు.

వారం తరువాత ఇంగ్రిడ్ వచ్చింది. పూలదండ, కొబ్బరినీళ్లు, శాలువా అన్నీ అయ్యాయి. ఆమె మల్లేశం ఇంటి గోడను వేలి కణుపుతో తట్టింది. ఇంకో చోట తట్టింది. స్తంభం మీద గోటితో గీకింది. రంగు ఎలా ఉందని ప్రత్యేకాధికారి అడిగితే శుభ్రంగా ఉందంది. ఆ మాటను అతను మెప్పుగా తీసుకుని ఫోటో తీయించాడు. ఆమె ఇల్లంతా తిరిగి వెనక కొట్టం దగ్గరికి వెళ్లింది. ఎవరూ చూడరు కదా అని అక్కడొక గోడను వదిలేశారు. గడ్డిపోచలు తేలిన ఆ మట్టిగోడ మీద అరచేయి ఆనించి చాలాసేపు నిలబడింది. ఎలా అలుకుతారని నా ద్వారా లచ్చవ్వను అడిగింది. లచ్చవ్వ చేతులతో చూపించింది, ఆమె కూడా అలాగే చేతులు తిప్పింది. ఆ వీధిలో ఆ రోజు జరిగిన ఒకే ఒక్క మంచిపని అదే.

జీపు దగ్గర నాకు చెప్పేసింది. ముట్టుకోని ఇళ్లకే డబ్బు. ఇక్కడ సిమెంటు తీయడం, రంగు తీయడం, ఆ తరువాత కప్పు... అంత పని సంస్థ చేయదు. నేను బతిమాలాను. ఈ ఒక్క ఇంటికి కప్పైనా ఇవ్వండి, వీళ్లకు ఏడాదే గడువు, తప్పు వీళ్లది కాదు అన్నాను. ఆమె నన్ను సూటిగా చూసి, రొట్టెల వ్యాపారిని కాదన్నప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు కదా అంది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు. అక్కడ ఆ ఊరిని నిలబెట్టిన మొండితనమే ఇక్కడ మల్లేశం నెత్తిన పడింది. అక్కడి రొట్టెల వ్యాపారికి ఆమెను తిట్టే హక్కుంది, మరమ్మతుకు ప్రభుత్వం డబ్బుంది. మల్లేశానికి రెండూ లేవు.

నేను కాగితాలు రాస్తూనే ఉన్నాను. సిమెంటు ఊడగొట్టించమని జిల్లాకు రాస్తే, బిల్లు ఇంకా పాస్ కాలేదు, పాస్ కాని పనిని కూల్చడానికి నిబంధనలు ఒప్పుకోవని జవాబు. బిల్లు పాసయ్యాక రాస్తే, పూర్తయిన పనిని కూల్చితే ప్రజాధనం వృథా అని జవాబు.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. కురిసే కప్పు నీళ్లు మట్టిగోడలోకి దిగాయి. బయటికి పోయే దారి లేక గోడ ఉబ్బింది. బయట మీగడ రంగు మాత్రం మెరుస్తూనే ఉంది. ముసురు పట్టిన నాలుగో రోజు పొద్దున దుకాణం పక్క గోడ సిమెంటు పూతతో సహా వీధిలోకి పడిపోయింది. దుకాణంలో ఉన్న మల్లేశం చిన్నకూతురు చెంగున బయటికి దూకింది కాబట్టి బతికింది. సరుకంతా మట్టిలో కలిసిపోయింది. ఆ సాయంత్రమే దుబాయ్ నుంచి ఫోన్ వచ్చిందట. శంకర్ కోప్పడలేదట. పిల్లలున్నరు, ఇగ చాలనే అన్నాడట.

నేను పోయేసరికి కప్పు దింపుతున్నారు. టేకు కొనే వ్యాపారి దూలాలకు సుద్దముక్కతో గుర్తులు పెడుతున్నాడు. మల్లేశం ఎదురింటి అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఆ మర్యాద నాకు చెంపదెబ్బ కన్నా ఎక్కువైంది. సిమెంటు పని నా మాట కాదని, వద్దని రాసి పెట్టానని చెప్పాను. అది నిజమే.

“ఎరుకే సార్. మీరు మంచోల్లే” అన్నాడు. ఆ తరువాత, “మీరు రాకపోతె నేను గీ ఎండకాలమే అప్పో సప్పో జేసి పెంకలు మార్పిచ్చుకుందును. మీరిస్తరని ఆగిన” అన్నాడు.

ఆ స్వాతంత్ర్య దినోత్సవానికి కొత్త జిల్లాలో ఉత్తమ సేవలకు ప్రశంసాపత్రాలు ఇచ్చారు. పెద్దబజారు సుందరీకరణకు కూడా ఒకటి ఇచ్చారు. మిగిలిన పాత ఇళ్లు రెండు వానాకాలాలకు మించి నిలవలేదు. ఇప్పుడు ఆ వీధిలో వెతికినా మట్టిగోడ లేదు.

పాత ఇళ్లున్న వీధి కనబడితే ఫోటోలు తీసి పైకి నివేదిక పంపాలని మా ఉద్యోగంలో నేర్పుతారు. నేనూ నా కింది వాళ్లకు అదే నేర్పాను. ఈ వ్యవహారం తరువాత తెలిసింది, ఇంటివాడి పని ఆగిపోయేలా ఆశపెట్టడం కూలగొట్టడం కన్నా హానికరమని. ఆశపెట్టేవాడి చేతిలో పెంకు కొనే అధికారం కూడా లేనప్పుడు అతను ఆ గడప తొక్కకూడదు.

ఉద్యోగం చివరి ఏడు, నా తరువాత ఆ కుర్చీలోకి రాబోయే అధికారిణితో కలిసి ఆదిలాబాద్ వైపు పర్యటనకు వెళ్లాను. ఒక ఊళ్లో జీపు మలుపు తిరగ్గానే అలాంటి వీధి ఎదురైంది. ఒక ఇంటి మీద ఎవరో కూర్చుని సొంతంగా పెంకులు సర్దుకుంటున్నారు. ఆమె కెమెరా తీసి, సార్, నివేదిక రాద్దామా అంది. నేను డ్రైవరును ఆపవద్దన్నాను. పర్యటన నివేదికలో ఆ ఊరి పేరు రాయలేదు. ఇక్కడా రాయను.